విశ్రాంతిరాణికి ఎదురేగిన కవి

పండుగకు ఇల్లు అలికి, ముగ్గు పెట్టి, గుమ్మమునకు మామిడాకులు కట్టి ఎదురుచూచుట మనకు క్రొత్త కాదు. కాని ఆ పండుగ ఏటి కొక్కమారు గాక వారమున కొక్కమారు వచ్చునదై, దాని రాకను ఒక రాణి రాకగా, ఒక పెండ్లికూతురు గృహప్రవేశముగా భావించుట యూదుల సంప్రదాయములోని విశేషము. శుక్రవారము సూర్యాస్తమయమునకు కొంచెము ముందు మొదలై, శనివారము రాత్రి ఆకాశమున మూడు నక్షత్రములు పొడచూపువరకు సాగు ఆ విశ్రాంతిదినమును వారు షబ్బాత్ అందురు. బైబిలు అనువాదముల మూలమున అది మనకు సబ్బాతు అను పేర పరిచితము. ఈ దినమును శాస్త్రోక్తముగా పాటింపనూ లేక, విడిచిపెట్టనూ లేక, జీవితమంతయు దానితో పెనగులాడి, కడపట దాని కొక క్రొత్త రూపము కల్పించిన కవి యొకడు ఉన్నాడు. ఆధునిక హీబ్రూ కవిత్వమున అగ్రగణ్యుడని అందరును అంగీకరించు హాయిమ్ నహ్మాన్ బియాలిక్ అతడు.

బియాలిక్ 1873 జనవరి 9వ తేదీన, అప్పటి రష్యా సామ్రాజ్యములోని వోలీనియా ప్రాంతమున, జితోమీర్ పట్టణమునకు సమీపమున ఉన్న రాదీ అను పల్లెలో జన్మించినాడు. ఆ ప్రాంతము నేడు ఉక్రెయిన్‌లో ఉన్నది. తండ్రి ఇత్జాక్ యోసెఫ్ చదువుకొన్నవాడే గాని లౌక్యము తెలియనివాడు. కలప వ్యాపారములో చేయి కాల్చుకొని, జితోమీర్ పొలిమేరలకు వచ్చి ఒక సారాయి దుకాణము నడిపినాడు. త్రాగుబోతుల కేకల నడుమ, గల్లాపెట్టె వెనుక కూర్చుండి ధర్మగ్రంథము చదువుకొను ఆ తండ్రి రూపము కుమారుని కన్నులలో అరువది యేండ్లు నిలిచిపోయినది. బాలునకు ఏడేండ్లు నిండిన కొలదికాలమునకే, 1880 లో, తండ్రి మరణించినాడు.

ఇచట సబ్బాతు స్వాగతము ఎట్లుండునో కొంచెము చెప్పవలసియున్నది. అది తెలియనిదే ఈ కవి బాధ తెలియదు. శుక్రవారము మధ్యాహ్నమునుండియే ఇంట సందడి మొదలగును. ఆ రాత్రి మొదలు నిప్పు రాజేయరాదు గనుక వంట అంతయు ముందే కావలెను. మరునాటి భోజనమునకు మాంసము, చిక్కుళ్ళు, దుంపలు ఒక కుండలో వేసి, మూత బిగించి, వేడి చల్లారని పొయ్యిలో రాత్రంతయు ఉంచుదురు. తూర్పు ఐరోపా యూదులు దానిని చోలెంట్ అందురు. సూర్యుడు క్రుంకుటకు ముందు ఇల్లాలు దీపములు వెలిగించి, కన్నులు చేతులతో కప్పుకొని ప్రార్థించును. తెల్లని గుడ్డ పరచిన బల్లపై అల్లిక రొట్టెలు రెండు ఉండును. ఎడారిలో సంచరించిన కాలమున శుక్రవారమునాడు రెట్టింపు మన్నా కురిసినదనుటకు అవి గుర్తు. గృహస్థు ద్రాక్షరసపు గిన్నె చేతబట్టి దినమును పవిత్రముచేయు మంత్రము చదువును. అంతకుముందు దేవదూతలకు శాంతి పలుకు పాట పాడుదురు. ఏలనగా శుక్రవారపు రాత్రి ప్రార్థనాలయమునుండి ఇంటికి వచ్చువానిని ఇద్దరు దూతలు వెన్నంటి వత్తురని తాల్మూదులో ఒక కథ ఉన్నది. ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు. ఇంట దీపము వెలుగుచు, బల్ల సిద్ధముగా ఉన్నచో మంచి దూత వచ్చేవారము కూడ ఇట్లే ఉండుగాక యని దీవించును. చెడ్డవాడు మనసొప్పకున్నను తథాస్తు అనవలసివచ్చును. ఇల్లు చీకటిగా ఉన్నచో పాత్రలు తారుమారగును.

ద్రాక్షరసము కొనుటకు కాసు లేని ఇంట, వెలిగించుటకు సెమ్మెలు లేని ఇంట ఆ దూతలు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న నేను వేయుచున్నది. బియాలిక్ వేయలేదు. కాని అతడు తన పాట ఎచ్చటనుండి వచ్చినదో చెప్పుచు వ్రాసిన షీరాతీ, అనగా నా గీతము అను కావ్యఖండములో చిత్రించిన శుక్రవారపు రాత్రి సరిగా అట్టిదే. కొవ్వొత్తుల సెమ్మెలు తాకట్టులో ఉన్నవి. వానికి బదులు మట్టిముద్దలో గ్రుచ్చిన సన్నని వత్తులు పొగ చిమ్ముచున్నవి. గిన్నెయు లేదు, రసమును లేదు. ఆకలితో, నిద్రతో తూలుచున్న ఏడుగురు పిల్లలు బల్లచుట్టు చేరినారు. దూతలకు స్వాగతము పలుకు పాటను తల్లి దిగులుతో వినుచున్నది. తండ్రి నేరము చేసినవానివలె నల్లరొట్టెను, ఉప్పుచేప తోకను పంచుచున్నాడు. ఆ పిమ్మట సంప్రదాయము ననుసరించి ఆనందగీతములు పాడవలెను గదా! అందరును పాడినారు. పాడుచుండగా గోడ నెఱ్ఱెలోనుండి ఇంకొక గొంతు కలిసినది. అది ఇలకోడి గొంతు. దరిద్రుల ఆస్థానకవి ఆ ఇలకోడియే అనియు, తన కవిత్వములోని దుఃఖస్వరము ఆ గొంతునుండి వచ్చినదే అనియు కవి భావము.

కావ్యము కావ్యమే గాని కుటుంబపు లెక్కల పుస్తకము కాదు. పిల్లలు ఎందరు, సెమ్మెలు ఎన్నిమారులు తాకట్టు పడినవి అని అందుండి చరిత్ర లాగబోవుట భావ్యము కాదు. అయినను ఆ పేదరికము కల్పన కాదు. భర్త పోయిన పిమ్మట తల్లి దీనా ప్రివా పగలు బజారులో చిల్లర బేరము చేసి, రాత్రి ఇంటిపని చేసి, తెల్లవారుజామున లేచి రొట్టెపిండి పిసికెడిది. ఆ పిండిలో ఆమె కన్నీరు పడినదనియు, ఆ రొట్టె తిన్న బిడ్డల ఎముకలలో ఆమె నిట్టూర్పు చేరినదనియు కవి అదే కావ్యము రెండవ భాగములో వ్రాసినాడు. కొంతకాలమునకు ఆమె శక్తి చాలక, బాలుని చేయిపట్టి తీసికొనిపోయి అతని పితామహుని ఇంట విడిచివచ్చినది. తండ్రిని మృత్యువు తీసికొన్నది, తల్లిని దారిద్ర్యము తీసికొన్నది. ఈ రెండవ ఎడబాటే అతనిని ఎక్కువ గాయపరచినదని నాకు తోచును.

తాత యాకోవ్ మోషే ఇంట ఆకలి లేదు. కాని నవ్వునూ లేదు. ఆయన వృద్ధుడు, పండితుడు, నియమనిష్ఠలలో కరకువాడు. ఆ ఇంట సబ్బాతు అనగా మొదట గుర్తుకు వచ్చునవి నిషేధములు. శాస్త్రము పనులను ముప్పదితొమ్మిది తరగతులుగా విభజించి వానినన్నిటిని ఆనాడు వర్జింపుమన్నది. దున్నుట, విత్తుట, నేయుట, నిప్పు రాజేయుట, ఆర్పుట, ఇంటినుండి వీధికి బరువు మోయుట వానిలోనివి. రెండక్షరములు వ్రాయుటయు వానిలోనిదే. కవి కాబోవువాని కిది ఎంత చిత్రమైన శిక్షణ! వారమున ఒకనాడు అక్షరము వ్రాయరాదు. చదువవచ్చును, పాడవచ్చును, తలపోయవచ్చును. బాలుడు తాతగారి గ్రంథములమధ్య దూరి, పాతకథలు, తర్కములు, యోగుల రహస్యములు చేతికందినదెల్ల చదివినాడు.

వోలీనియా హసిదులనబడు భక్తిమార్గీయుల గడ్డ. మన కీర్తనకారుల భజనగోష్ఠివంటిది వారి సబ్బాతు. ఆ దినమున మూడు భోజనములు విధి. మూడవది శనివారము ప్రొద్దువాలునప్పుడు. అందు తినునది స్వల్పము; పాడునది బహుళము. రాణి వెడలిపోవుచున్నదన్న దిగులుతో దీపము లేని చీకటిలో కూర్చుండి, రాగములు సాగదీసి, ఆమెను ఇంకొక గడియ ఆపుటకు యత్నింతురు. సబ్బాతునాడు ప్రతి మనుష్యునకు అదనముగా ఒక ఆత్మ లభించుననియు, శనివారము రాత్రి అది విడిచిపోవుననియు వారి విశ్వాసము. అందుచేతనే నక్షత్రములు కనబడిన పిమ్మట పెనవేసిన కొవ్వొత్తి వెలిగించి, సుగంధద్రవ్యములు వాసన చూచి, సొమ్మసిల్లిన ప్రాణమును తెప్పరిల్లజేసికొందురు. ఈ మూడవ భోజనపు సంధ్యను పాఠకులు గుర్తుంచుకొనవలెను. నలుబదియేండ్ల పిదప అది మరల వచ్చును.

పదునేడవ యేట బియాలిక్ తాతను ఒప్పించి వొలోజిన్‌కు పోయినాడు. నేటి బెలారస్‌లోని ఆ చిన్న ఊరిలో 1803 లో నెలకొన్న యెషీవా, అనగా తాల్మూదు విద్యాపీఠము, ప్రపంచప్రసిద్ధమైనది. అచ్చట హసిదుల పాటలు లేవు. విల్నా మహాపండితుని శిష్యపరంపర వారిది. విద్యయే పూజ, పుట తిరుగవేయుటయే పరవశము. రాత్రియనక, పగలనక, సబ్బాతనక వంతులవారీగా చదువుచుండెడివారు. పాఠము ఆగినచో సృష్టి ఆగునని వారి భయము. తాల్మూదుతోపాటు ఆధునిక విద్యలును అచ్చట దొరకునని విని వచ్చిన బియాలిక్ ఆశాభంగము పొందినాడు. కాని ఆ చదువులలోని తపస్సు అతనిని వెంటాడినది. గోడమూల నిలబడి యౌవనమంతయు గ్రంథమునకు ధారపోయు విద్యార్థిని గూర్చి తరువాత హమత్మీద్ అను దీర్ఘకావ్యము వ్రాసినాడు. అది స్తుతియో, నిందయో, విలాపమో నేటికిని విమర్శకులు తేల్చుకొనలేరు. మూడునూ కలిసినవని నా అభిప్రాయము.

1891 లో అతడు తాతకు చెప్పకుండ ఒడెస్సాకు పారిపోయినాడు. నల్లసముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఓడరేవు అప్పటి హీబ్రూ రచయితల రాజధాని. చేతిలో పైకము లేదు, నోట రష్యను భాష లేదు. ఆకలితో ఆరునెలలు గడిపి, పక్షిని సంబోధించుచు వ్రాసిన ఒక గీతమును రవ్నిత్స్కీ అను సంపాదకునకు ఇచ్చినాడు. అది 1892 లో పర్దేస్ అను సంకలనమున అచ్చయినది. ఇంతలో రష్యా ప్రభుత్వము వొలోజిన్ విద్యాపీఠమును మూసివేసినదను వార్త వచ్చినది. మనుమడు అచ్చటనే చదువుకొనుచున్నాడని తాత నమ్మకము. ఆ మంచముపట్టిన వృద్ధునకు నిజము తెలియరాదని కుఱ్ఱవాడు పరుగుపరుగున జితోమీర్ చేరినాడు. వెళ్ళిచూడగా తాతయు, అన్నయు ఇద్దరును మరణశయ్యపై ఉన్నారు. విశ్వాసము పోయినను, విశ్వసించువాని మనసు నొప్పించుటకు జంకు ఆ స్వభావము బియాలిక్‌లో కడవరకు ఉన్నది.

1893 లో మాన్యా ఆవెర్బుఖ్‌ను వివాహమాడినాడు. వారికి సంతానము కలుగలేదు. మామగారి కలప వ్యాపారములో కొన్నేండ్లు అడవులలో గడిపి, తండ్రివలెనే నష్టపోయి, 1897 లో పోలెండు సరిహద్దులోని సోస్నోవియెత్స్ పట్టణమున బడిపంతులై, 1900 లో మరల ఒడెస్సా చేరి అచ్చటను పంతులుగిరియే చేసినాడు. ఉపాధ్యాయులైన పాఠకులు ఈ విషయము గమనింపగలరు. హీబ్రూ పిల్లలకు పాఠ్యపుస్తకములు లేవని రవ్నిత్స్కీ మున్నగు మిత్రులతో మోరియా ప్రచురణసంస్థను స్థాపించినది ఆ పంతులుగిరి మూలముననే.

ఒడెస్సాలో అతనికి గురువు అహద్ హఆమ్. ఆ పేరునకు జనులలో నొకడు అని యర్థము. ఆయన శాస్త్రనిష్ఠుడు కాడు, దైవవిశ్వాసియు కాడు. అయినను సబ్బాతును గూర్చి 1898 లో ఆయన వెలిబుచ్చిన భావము లోకప్రసిద్ధమైనది. యూదులు సబ్బాతును కాపాడినదానికంటె సబ్బాతే యూదులను ఎక్కువగా కాపాడినదని ఆయన తాత్పర్యము. అంతకు అర్ధశతాబ్దమునకు ముందునుండి జర్మనీలోని సంస్కరణవాదులు కొందరు, తాము ఇరుగుపొరుగువారితో సమానముగా నుండవలెనని, ప్రార్థనను శనివారమునుండి ఆదివారమునకు మార్చుకొనుచుండిరి. బెర్లిను సంస్కరణసమాజము 1840 దశకముననే ఆ పని చేసినది. పురాతనాచారమునందు విశ్వాసము లేని అహద్ హఆమ్ వంటివాడే ఆ మార్పును చూచి కలవరపడుట గమనింపదగినది.

ఆయన మాటకు మన దేశమునందే చక్కని ఉదాహరణము ఉన్నది. కొంకణతీరమున శతాబ్దములుగా నివసించిన బెనే ఇస్రాయేలీయులు హీబ్రూ భాషను, గ్రంథములను దాదాపు పూర్తిగా మరచినారు. మరాఠీ మాటలాడుచు గానుగలు త్రిప్పుకొని జీవించినారు. కాని శనివారమునాడు మాత్రము గానుగ కట్టెడివారు కారు. అందుచే చుట్టుప్రక్కలవారు వారికి శనివార తేలీలని పేరు పెట్టినారు. తేలి యనగా నూనె తీయువాడు. సకలమును మరచినవారిని ఆ ఒక్క మానినపని గుర్తుపట్టించినది. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో బెనే ఎఫ్రాయిములని చెప్పుకొను తెలుగువారి చిన్న సమాజ మొకటి ఉన్నది. వారును 1991 లో ప్రార్థనామందిరము నెలకొల్పుకొని సబ్బాతు నాచరించుచున్నారు.

మరల ఒడెస్సాకు వత్తము. ఆ నగరమున బ్రోడీ ప్రార్థనాలయము పెద్దది, సంపన్నులది. అచ్చట గాయకబృందము ఉండెడిది. సంప్రదాయవాదులు సబ్బాతునాడు వాద్యము ముట్టరు. ఇచ్చట మాత్రము ఆర్గను అను పెద్ద వాద్యము మ్రోగెడిది. ఆ ఆలయపు ప్రధానగాయకుడు పిన్హాస్ మింకోవ్స్కీ. బియాలిక్ పిల్లలకొరకు షబ్బాత్ హమల్కా, అనగా సబ్బాతురాణి అను గీతము వ్రాయగా ఆయన దానికి స్వరము కట్టినాడు. సూర్యుడు చెట్లకొమ్మల చాటున మరుగగుట, పిల్లలు రాణికి ఎదురేగుట, తెల్లని దూతలు వెంటరాగా ఆమె దిగివచ్చుట దానిలోని విషయము. ఇది కవి స్వకపోలకల్పితము కాదు. రబ్బీ హనీనా శుక్రవారపు సంజవేళ మంచి వస్త్రములు ధరించి రాణిని కలియుటకు పోదమని తోడివారిని పిలిచెడివాడనియు, రబ్బీ యన్నయి ఆమెను పెండ్లికూతురా యని ఆహ్వానించెడివాడనియు తాల్మూదులోనే ఉన్నది. పదునారవ శతాబ్దమున గలిలయకొండలలోని సఫేద్ నగరపు యోగులు ఊరివెలుపలి పొలములకు పోయి, పడమటి కొండలపై వెలుగు తగ్గుచుండగా ఆమెకు స్వాగతగీతములు పాడెడివారు. అచ్చటి ష్లోమో అల్కబెత్స్ రచించిన స్వాగతగీతము నేటికిని ప్రపంచమందలి యూదు ప్రార్థనాలయములలో శుక్రవారపు రాత్రి వినబడును. దాని చివరి చరణమున అందరును వాకిలివైపు తిరిగి వంగి నమస్కరింతురు. బియాలిక్ చేసినదెల్ల ఆ యోగుల ఊరేగింపును చిన్నపిల్లల ఆటగా మార్చుట. వత్తులు మట్టిలో గ్రుచ్చిన ఇంట పుట్టినవాడు, బిడ్డలు లేనివాడు, ఇతరుల బిడ్డలకై తెల్లని దూతలను దింపినాడు. ఆ పాటలో ఇలకోడి లేదు.

1903 ఏప్రిలులో కిషినేవ్ నగరమున యూదులపై ఊచకోత జరిగినది. నలుబదితొమ్మిదిమంది చనిపోయినారు. ఒడెస్సాలోని పెద్దలు సాక్ష్యములు సేకరించుటకు బియాలిక్‌ను పంపినారు. అతడు వారములతరబడి ఇంటింటికి తిరిగి పుస్తకములు నిండ వ్రాసికొన్నాడు. కాని ఆ నివేదిక వెలువడలేదు. దానికి బదులు హత్యానగరము అను అర్థము వచ్చు పేరుతో ఒక దీర్ఘకవిత వెలువడినది. అందు హంతకులమీదికంటె, దాగికొని ప్రాణములు కాపాడుకొన్న మగవారిమీద కవి నిప్పులు కురిపించినాడు. ఆ కఠినత న్యాయమా యని నేటివరకు వాదము నడచుచునే ఉన్నది, ఎదిరించి నిలిచినవారును కిషినేవ్‌లో ఉన్నారు గనుక. ఏమైనను, ఆ కవిత చదివి యువకులు ఆత్మరక్షణదళములలో చేరినారు.

ఆ పిమ్మట రవ్నిత్స్కీతో కలిసి చేపట్టిన మహాకార్యము సేఫెర్ హఅగ్గదా. తాల్మూదు, మిద్రాష్ అను మహారణ్యములలో చెల్లాచెదురుగా ఉన్న పురాణగాథలను ఏరి, వర్గీకరించి, నాటి పాఠకునకు తెలియు హీబ్రూలో కూర్చి 1908 నుండి 1911 వరకు వెలువరించినారు. తాల్మూదుగాథలలో సబ్బాతును గౌరవించిన యోసేఫు కథ ఒకటి. పొరుగున ఉన్న ధనికుడు తన సంపద యోసేఫు పాలగునని జోస్యము విని, ఆస్తినంతయు అమ్మి ఒక రత్నము కొని తలపాగాలో పెట్టుకొన్నాడు. గాలికి ఆ తలపాగా నీటిలో పడినది, రత్నమును చేప మ్రింగినది. శుక్రవారము సాయంకాలము అంత ప్రొద్దుపోయి అంత ఖరీదైన చేప కొనువాడు సబ్బాతు భోజనమున కెన్నడును వెనుదీయని యోసేఫు తప్ప వేరొకడు లేడయ్యెను. ఇట్టి కథలు నమ్మికతో చెప్పుకొన్నవారు కరువగుచున్న కాలమున, కనీసము సాహిత్యముగా నైనను నిలుచునని బియాలిక్ ఆశ. మన పురాణములను గూర్చి ఇట్టి ఆశ పెట్టుకొన్నవారు మనలోనూ ఉన్నారు.

ఆశ్చర్యమేమనగా, ఆ కాలమునుండి అతని స్వంత కవిత్వము ఎండిపోయినది. సంవత్సరముల తరబడి పెద్ద కవిత రాలేదు. జనము మాత్రము జాతీయకవి యను బిరుదమిచ్చి ప్రవక్తవలె మాటలాడుమని ఒత్తిడిచేసినది. రష్యా విప్లవానంతరము హీబ్రూ ముద్రణకు, విద్యకు దారులు మూసికొనిపోయినవి. 1921 లో మక్సీమ్ గోర్కీ కలుగజేసికొనుటచే, బియాలిక్ మరికొందరు హీబ్రూ రచయితలు కుటుంబములతో దేశము విడువగలిగినారు. బెర్లినులో ద్వీర్ అను ప్రచురణసంస్థను నడిపి, 1924 లో అతడు టెల్ అవీవ్ చేరినాడు.

టెల్ అవీవ్ అప్పటికి పదునైదేండ్ల పట్టణము, ఇసుకదిబ్బలపై 1909 లో మొలచినది. అచ్చట యూదులదే పురపాలకసంఘము, హీబ్రూయే వీథిభాష. ఒడెస్సాలో సబ్బాతును అన్యమతస్థులమధ్య కాపాడుకొనవలసివచ్చినది. ఇచ్చట ఎవరినుండి కాపాడుకొనవలెను? దుకాణములు మూసియుండెను. కాని యువజనులు సముద్రపుటొడ్డునకును, బంతియాటకును పోయెడివారు. పల్లెలలోని సామూహిక వ్యవసాయక్షేత్రములలో కొందరు శనివారము పనికిపోయెడివారు. మరికొందరు ప్రార్థన మానినను, శుక్రవారపు రాత్రి తెల్లచొక్కాలు తొడిగి, బల్లలపై తెల్లగుడ్డ పరచి కలిసి పాడుకొనెడివారు. మరొకవైపు నిష్ఠాపరులు ప్రార్థనాలయములలో తమ రీతి తాము సాగించిరి. ఒక వర్గమువారి గుమ్మము మరొక వర్గమువారు త్రొక్కరు. బియాలిక్‌కు రెండు గుమ్మములును తెలిసినవే. దేనిలోను పూర్తిగా కూర్చుండలేడు.

అతడు కనిపెట్టిన ఉపాయమే ఓనెగ్ షబ్బాత్. సబ్బాతు సంతోషము అని దాని యర్థము. సబ్బాతును సంతోషమని పిలువుమన్న యెషయా ప్రవక్త మాటనుండి ఆ పేరు వచ్చినది. సంతోషమును ఆజ్ఞలో భాగముగా చేసిన ధర్మము గదా అది! 1920 దశకపు ఉత్తరార్ధమున అతడు శనివారపు మధ్యాహ్నము వాలుచుండగా సభలు ఏర్పాటుచేసినాడు. ధర్మగ్రంథములనుండియో, చరిత్రనుండియో, సాహిత్యమునుండియో ఒక ఉపన్యాసము జరుగును. తరువాత అందరును కలిసి పాడుదురు. హసిదుల పాతరాగములే అందులో ఎక్కువ. చీకటి పడినంతనే పెనవేసిన కొవ్వొత్తి వెలిగించి, గిన్నె చేతబట్టి, సబ్బాతును సాగనంపుదురు. పాఠకులు గుర్తుపట్టియుందురు. ఇది జితోమీర్ చీకటిలోని మూడవ భోజనమే. రొట్టెముక్క పోయి ఉపన్యాసము వచ్చినది, రాగము మిగిలినది. వొలోజిన్‌నుండి గ్రంథము, వోలీనియానుండి పాట, ఒడెస్సానుండి సభామందిరము ఒకచోట చేరినవి. జనము క్రిక్కిరిసి స్థలము చాలకపోగా, టెల్ అవీవ్‌లో కట్టుడుపండ్ల కర్మాగారము పెట్టిన అమెరికా యూదుడు శామ్యూల్ బ్లూమ్ ధనమీయగా బాల్ఫర్ వీథిలో ఓహెల్ షేమ్ అను భవనము 1929 నాటికి లేచినది. పండ్లు అమ్మిన డబ్బుతో పాటల మందిరము కట్టుట ఈ చరిత్రలోని చిన్న వినోదము.

దీనికి ఆక్షేపణలు రెండు వైపులనుండియు చెప్పవచ్చును. దేవుని పేర వచ్చిన దినమును దేవుని ప్రస్తావన పలుచనచేసి సారస్వతసభగా మార్చినచో, రాణిని పిలిచి సింహాసనము తీసివేసినట్లు కాదా యని నిష్ఠాపరుడు అడుగవచ్చును. ప్రార్థన వలదని వచ్చినవారికి ఈ కొవ్వొత్తి ఏలయని రెండవవాడు అడుగవచ్చును. మొదటి ప్రశ్న బరువైనది. దానికి బియాలిక్ జీవితమున సంపూర్ణమైన సమాధానము కనబడదు. పితామహుని నిషేధములను అతడు తానే పాటింపలేదు. అయినను బహిరంగముగా సబ్బాతును భంగపరచుటను సహించలేదు. శనివారము పనిచేయు ఒక వ్యవసాయక్షేత్రమువారికి తన చివరి సంవత్సరములలో వ్రాసిన లేఖలో, సబ్బాతు ఈ జాతి నిర్మించుకొన్న నాగరికతకు కేంద్రమనియు, దానిని పోగొట్టుకొని ఇసుకలో ఇండ్లు కట్టి ప్రయోజనము లేదనియు తీవ్రముగా హెచ్చరించినాడు. తానే అంటని నియమమును ఇతరులకు చెప్పుట న్యాయమా యని నేను చాలకాలము తటపటాయించినాను. ఇప్పుడు అట్లు తోచుట లేదు. తాతగారి మంచమువద్దకు పరుగెత్తిన కుఱ్ఱవాడే ఈ లేఖ వ్రాసినవాడు.

చివరి సంవత్సరములలో కవిత్వము మరల వచ్చినది. అనాథత్వము అను అర్థము వచ్చు యత్మూత్ అను శీర్షికక్రింద అతడు తండ్రిని గూర్చి, తండ్రి మరణమును గూర్చి, తల్లి వైధవ్యమును గూర్చి, తాతగారి గుమ్మమువద్ద ఆమెతో ఎడబాటును గూర్చి వరుసగా వ్రాసినాడు. అరువది యేండ్ల వృద్ధుడు ఏడేండ్ల బాలుడై ఆ సారాయి దుకాణములోనికి మరల నడచినాడు. టెల్ అవీవ్‌లో అతని పేర వెలసిన వీథిలోని అతని ఇంటికి సందర్శకుల తాకిడి ఎక్కువై పని సాగక, 1933 లో రమత్ గాన్‌కు మారినాడు. శస్త్రచికిత్సకై వియెన్నా వెళ్ళి అచ్చటనే 1934 జూలై 4వ తేదీన మరణించినాడు. దేహమును టెల్ అవీవ్‌కు కొనివచ్చి గురువు అహద్ హఆమ్ సమాధికి దగ్గర ఖననము చేసినారు.

ఓనెగ్ షబ్బాత్ అను పేరు అప్పటికే ఊరూరికి, దేశదేశములకు వ్యాపించినది. 1940 నవంబరులో, నాజీలు గోడకట్టి మూసిన వార్సా యూదువాడలో ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అను చరిత్రకారుడు కొందరు ఉపాధ్యాయులను, రచయితలను రహస్యముగా కూర్చినాడు. వాడలో ప్రతిదినము జరుగుచున్నదెల్ల, రొట్టె పంపిణీచీట్లు, బడిపిల్లల వ్యాసములు, గోడకాగితములతో సహా సేకరించి భద్రపరచుట వారి పని. శనివారములందు సమావేశమగుచుండిరి గనుక ఆ సంఘమునకును ఓనెగ్ షబ్బాత్ అనియే పేరు పెట్టుకొన్నారు. కాగితములను రేకుపెట్టెలలోను, పాలడబ్బాలలోను పెట్టి పాతిపెట్టినారు. రింగెల్‌బ్లూమ్‌ను 1944 మార్చిలో చంపివేసినారు. రేకుపెట్టెలు 1946 లో శిథిలముల క్రింద దొరకినవి, పాలడబ్బాలు రెండు 1950 లో దొరకినవి. మూడవచోట పాతినది ఇంకను దొరకలేదు.